వెనక వరుసకూ వినిపించిన ప్రార్థన

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై నాలుగో సంవత్సరం ఫిబ్రవరి ఒకటవ తేదీన, మొక్కజొన్న చేలు ఎండకు వాడి తలలు వాల్చిన ఒక బుధవారం ఉదయం, ఆచార్య హెస్టర్ డ్రేయర్ గారు మన ముయిఫొంతైన్ క్రైస్తవ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో సహాయ ఉపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఈ డిసెంబరు మాసాంతాన వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం నన్ను కోరింది. నాలుగు మాటలతో సరిపెట్టే మనిషిని కానని తెలిసీ కోరారు కనుక, ఇక అనుభవించవలసింది వారే.

వారు వచ్చేనాటికి మన సంస్థ వయసు వందేళ్లు దాటింది. ఒక పాదరీ గారి దగ్గర అరువు తీసుకున్న ఇంట్లో, పాదరీలను తయారుచేసే పాఠశాలగా పుట్టి, కళాశాలగా ఎదిగి, చివరికి స్వతంత్ర విశ్వవిద్యాలయంగా నిలిచిన ఈ సంస్థ రెండు ప్రతిజ్ఞలను ప్రాణప్రదంగా కాపాడుకుంటూ వచ్చింది. విద్య యావత్తూ దైవవాక్య ప్రకాశంలో సాగాలన్నది మొదటిది, బోధన యావత్తూ ఇక్కడి తెల్ల రైతుల ఇంటి భాష అయిన ఆఫ్రికాన్స్‌లోనే జరగాలన్నది రెండవది. నల్లకోట్ల పెద్దమనుషులతో నిండిన ఆ శాఖలో అడుగుపెట్టిన తొలి మహిళను చూసి అప్పటి శాఖాధ్యక్షులు, "టైపు చేసే అమ్మాయి వచ్చినట్టుంది, కాఫీ పెట్టించండి" అన్నారట. "పెడతానండీ. కానీ ఎనిమిదింటికి నాకు క్లాసుంది, వడకట్టుకోవడం మాత్రం మీరే చూసుకోవాలి" అని మన హెస్టర్ గారు జవాబిచ్చారట. ఆ కాఫీ ఎవరు వడకట్టారో చరిత్రకు అందలేదు.

భాష పట్ల వారికున్న మమకారం ఊరికే వచ్చింది కాదు. వారి అమ్మమ్మగారు చిన్నతనంలో, తమవారిని యుద్ధంలో ఓడించిన ఇంగ్లీషువారి బడిలో, పొరపాటున ఇంటి భాష మాట్లాడినందుకు మెడలో పలక వేలాడదీసుకుని పొద్దంతా గోడవారన నిలబడ్డారు. ఆ పలక మీద ‘నేను గాడిదను’ అని రాసి ఉండేది. "మా అమ్మమ్మకి ఎనభై ఏళ్లొచ్చినా మెడ తడుముకునే అలవాటు పోలేదు" అని హెస్టర్ గారు తరగతిలో చెబుతూ తానూ మెడ తడుముకునేవారు. ఆ అవమానానికి జవాబుగా కట్టుకున్న గుడి వంటిది వారికి ఈ విశ్వవిద్యాలయం.

అయితే ఆ గుడికి మరో తలుపు కూడా ఉంది. అది మా వైపు తలుపు. నేను ఈ పట్టణానికి ఆనుకుని ఉన్న నల్లవారి పేటలో పుట్టిన త్స్వానా జాతి పిల్లను. హెస్టర్ గారు ఉద్యోగంలో చేరేనాటికి మా వాళ్లు ఈ ప్రాంగణంలోకి చీపుళ్లతోనూ, కాఫీ పళ్లేలతోనూ తప్ప రాలేదు. మా మొతూసి మామయ్య డెబ్భై ఆరులో, ఇదే ఆఫ్రికాన్స్‌లో లెక్కలు నేర్చుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు, తోటి పిల్లలతో కలిసి బడి వదిలి వీధిలోకి వచ్చి జైలుకు వెళ్లాడు. తిరిగి బడి ముఖం చూడలేదు. అభినందన సంచికలో ఇవేం మాటలని కొందరు ముఖం చిట్లించవచ్చు. చరిత్ర శాఖవాళ్లం మేమే రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

తొంభైలలో వర్ణవివక్ష చట్టాలు పోయి దేశం మారింది, తలుపులు తెరుచుకున్నాయి. హెస్టర్ గారు అప్పటికి డాక్టరేటు పొంది, ఆచార్య పదవికి చేరువలో ఉన్నారు. ఏటా విద్యార్థులను ఒకే రోజున రెండు శ్మశానాలకు తీసుకువెళ్లే ఆనవాయితీని వారే ప్రారంభించారు. ఉదయం, యుద్ధకాలంలో ఇంగ్లీషువారి నిర్బంధ శిబిరాలలో చనిపోయిన తమ జాతి తల్లీబిడ్డల సమాధులకు. మధ్యాహ్నం, మా పేటలో డెబ్భై ఆరు నాటి కాల్పులకు బలైన పిల్లల సమాధులకు. రెండింటికీ నడుమ మా అమ్మ వండిన మొక్కజొన్న సంకటి, బొగ్గుల మీద కాల్చిన మాంసం భోజనం. ఈ ప్రయాణం నచ్చని తల్లిదండ్రులు వచ్చి కేకలు వేస్తే, వారిని కూడా బస్సెక్కించిన సందర్భాలు ఉన్నాయి.

ఇక అసలు ఘట్టానికి వస్తాను.

రెండువేల నాలుగులో మన విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం తలపెట్టింది. పాఠం ఆఫ్రికాన్స్‌లోనే జరుగుతుంది. ఆ భాష రాని విద్యార్థులు చెవులకు యంత్రాలు పెట్టుకుంటే, చివరి వరుసలో కూర్చున్న అనువాదకుడు చిన్న మైకులో అదే పాఠాన్ని ఇంగ్లీషులో గుసగుసగా వినిపిస్తాడు. ప్రయోగానికి మొదట ఎంపికైన తరగతి హెస్టర్ గారిది. ఏడాది మధ్యలో అధ్యాపక సభ కూర్చుని నిర్ణయిస్తుంది. విఫలమైతే మరుసటి ఏటి నుంచి చరిత్ర పాఠం ఇంగ్లీషుకు మారిపోతుంది. "అదే జరిగితే నేను మా ఊరెళ్లి కోళ్లు పెంచుకుంటా" అని హెస్టర్ గారు సభలో ప్రకటించారు. ఆమె అన్నమాట మీద నిలబడే మనిషని అందరికీ తెలుసు.

ఆ తరగతిలో చేరుతున్నానని చెప్పగానే మామయ్య నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"ఏమే ఒనాలెన్నా, ఆ భాష మాకొద్దని మేం బళ్లు వదిలేశాం. నువ్వు బస్సెక్కి మరీ వినడానికి పోతున్నావా?"

"వినడానికి కాదు మామయ్యా, చెవిలో ఇంగ్లీషు పెడతారట."

"చెవిలో పువ్వు పెట్టకుండా చూసుకో!"

మొదటి రోజు రానే వచ్చింది. చివరి వరుసకు ముందు వరుసలో మేం నలుగురం పేటపిల్లలం చెవులకు యంత్రాలు తగిలించుకుని, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. మా వెనక అనువాదకుడు డావీ స్వానపూల్, అప్పుడే చదువు ముగించిన యువకుడు, గొంతు సవరించుకున్నాడు. హెస్టర్ గారు స్వాగతం పలికారు. డావీ గుసగుస తేనెలా మా చెవుల్లో పడింది. "ప్రార్థన చేద్దాం" అన్నారు వారు. "ప్రార్థన చేద్దాం" అన్నాడు డావీ. ఆ తరువాత మా చెవుల్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

తరగతి అంతా కళ్లు మూసుకుని నిలబడింది. ముందు హెస్టర్ గారి పెదవులు కదులుతున్నాయి, మాకు మాత్రం గుసగుస లేదు. నా పక్కనున్న టుమేలో బెదిరిపోయాడు.

"నీది పనిచేస్తోందా?"

"లేదు, చచ్చినట్టుంది."

"నాదీ అంతే. ఒకటిద్దునా?"

"ఇవ్వు, కానీ మెల్లిగా."

టుమేలో దృష్టిలో మెల్లిగా అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. యంత్రాన్ని బల్లకేసి కొట్టాడు. మూత ఊడింది, బ్యాటరీ ఎగిరి పడి, ఆ మెట్లమెట్ల తరగతి గదిలో ఒక్కో మెట్టూ దిగుతూ టక్కుటక్కుమని దొర్లుకుంటూ పోయి, సరిగ్గా హెస్టర్ గారి బూటుకు తగిలి ఆగింది. వారు కళ్లు తెరిచారు. బ్యాటరీ వైపు చూసి, "ఆమెన్" అన్నారు. మా చెవుల్లో ప్రాణం లేచివచ్చినట్టు డావీ కూడా, "ఆమెన్" అన్నాడు. నవ్వులతో గది దద్దరిల్లింది. నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

హెస్టర్ గారు నవ్వలేదు. బ్యాటరీ చేత్తో పట్టుకుని మెట్లెక్కి మా వద్దకు వచ్చి టుమేలోకు అందించారు. తరువాత వెనక్కు తిరిగారు.

"డావీ, నా ప్రార్థన వీళ్లకెందుకు చెప్పలేదు?"

"ప్రార్థన కదమ్మా! కళ్లు మూసుకున్నాను. ఒకరు దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో నేను నోరెలా తెరుస్తాను? చిన్నప్పుడు చర్చిలో గుసగుసలాడితే మా అమ్మ చెవి మెలేసేది."

డావీ తప్పేమీ లేదు. అతనికి శిక్షణ ఇచ్చినవారూ, హెస్టర్ గారూ, ఆ గదిలోని పిల్లలూ అందరూ అలా పెరిగినవారే. ప్రార్థన వేళ నోరు మూసుకోవాలని అందరికీ తెలుసు కనుకే, దాన్ని ఎవరు వినిపించాలన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. హెస్టర్ గారు, "అంటే నేను చెప్పింది దేవుడికి చేరింది, వెనక వరుసకి చేరలేదన్నమాట" అన్నారు. ఆ రోజు పాఠం చెబుతున్నంతసేపూ వారి చేయి మెడ మీదే ఉంది.

విషయం డీన్ ఫెర్మాక్ గారి వరకూ వెళ్లింది. కీర్తిశేషులైన ఆ పెద్దాయన నిష్ఠాగరిష్ఠులు. ప్రార్థనను యంత్రంలో పెట్టడం అపచారమని వారి అభిప్రాయం. "హెస్టర్, ఆ క్లాసులో ప్రార్థనైనా మానెయ్, ఆ గుసగుసలైనా మానెయ్. రెండూ ఒక ఒరలో ఇమడవు" అని తేల్చేశారు. ప్రార్థన మానితే సంస్థ తొలి ప్రతిజ్ఞ పోతుంది, గుసగుస మానితే రెండవది పోతుంది. జీవితమంతా దేనికోసం నిలబడ్డారో అది రెండు ముక్కలై తమ చేతుల్లోనే మిగలబోతోందని హెస్టర్ గారికి అర్థమైంది. ఆ వారంలో వారు మనిషి సగమయ్యారని తోటివారు చెబుతారు.

మరుసటి సోమవారం వారు తరగతిలో ఒక కొత్త పద్ధతి ప్రకటించారు. ఇకపై ప్రార్థన వంతులవారీగా విద్యార్థులు చేస్తారు, ఎవరి ఇంటి భాషలో వారు చేస్తారు. మొదటి వంతు నాది! ఆ రోజు తరగతికి డీన్ గారిని ఆహ్వానించి, చివరి వరుసలో డావీ పక్కన కూర్చోబెట్టారు. "వెనక వరుసలో ఎప్పుడూ కూచోనివాళ్లు వెనక వరుస గురించి తీర్పు చెప్పకూడదు కదండీ" అన్నారట.

నేను లేచాను. త్స్వానాలో ప్రార్థన మొదలుపెట్టాను. డావీకి త్స్వానా రాదు, డీన్ గారికీ రాదు, హెస్టర్ గారికీ రాదు. మేం నలుగురం తప్ప గదిలో ఎవరికీ ఒక్క ముక్కా అర్థం కాదనుకున్నాను. పొలాలున్న తెల్లవాళ్ల బిడ్డలంతా కళ్లు మూసుకుని, తమ సొంత విశ్వవిద్యాలయంలో, తమకు తెలియని మాటల కింద నిలబడ్డారు. ఆ ఏడాది వానలు లేవు. మా అమ్మ రోజూ అడిగేదే నేనూ అడిగాను. వానను మేం ‘పూలా’ అంటాం. ఆ మాట మూడుసార్లు అన్నాను. మూడోసారి చివరి వరుస నుంచి, నేనింకా ముగించకముందే, బొంగురు గొంతుతో "ఆమెన్!" అని వినిపించింది. డీన్ గారు మొక్కజొన్న రైతు కొడుకు. పొలంలో పుట్టిన ఏ పిల్లవాడికైనా ఆ ఒక్క మాటా తెలియకుండా ఉండదు.

తరగతి తరువాత వారు హెస్టర్ గారిని పక్కకు పిలిచారు.

"ఆ పిల్ల వాన కోసం అడిగిందా?"

"అవునండీ."

"మిగతాదంతా ఏం చెప్పింది?"

"నాకూ తెలీదు. తెలుసుకోవాలనిపించిందా?"

ఫెర్మాక్ గారు టోపీ చేతిలో తిప్పారు. "అనిపించింది. చాలా అనిపించింది" అని, "ఆ కుర్రాణ్ని కళ్లు తెరవమను" అంటూ వెళ్లిపోయారు. మర్నాడు హెస్టర్ గారు తమ వంతు తీసుకుని ప్రార్థన చేస్తున్నంతసేపూ డావీ కళ్లు బార్లా తెరిచి, ముఖమంతా చెమటతో, ప్రతి మాటా మా చెవులకు చేర్చాడు. జూన్‌లో సభ ప్రయోగాన్ని కొనసాగించింది. హెస్టర్ గారి కోళ్లు ఇరవై ఏళ్లు వాయిదా పడ్డాయి.

ఆ తరువాతి చరిత్ర మీకందరికీ తెలిసిందే. సంస్థ మరికొన్నింటితో కలిసి పెద్దదైంది, పేరులోంచి ‘క్రైస్తవ’ అన్న మాట తొలగింది. కొందరు అలిగి వెళ్లిపోయారు. "అది బోర్డు మీదే ఉందనుకుంటే ఇన్నాళ్లూ క్లాసుల్లో ఏం చేసినట్టు?" అన్నారు హెస్టర్ గారు. ఆచార్యులుగా, శాఖాధ్యక్షులుగా ఎందరికో డాక్టరేటు మార్గదర్శనం చేశారు. అందులో నేనూ ఒకతెను. ఆలస్యంగా వచ్చినవారి ముఖం మీద తలుపు వేసే అలవాటునూ, రస్కులు ప్రతిసారీ మాడ్చి తెచ్చి మా చేత తినిపించే దయనూ చివరిదాకా మానుకోలేదు. మా మనసుకు నచ్చినవి రెండూ అవే అని ఇప్పుడు చెప్పవచ్చు.

మొన్న నవంబరులో జరిగిన వారి చివరి తరగతిని నేను నిర్వహించాను, ఆఫ్రికాన్స్‌లో. ఎవరూ బలవంతం చేయలేదు, నా ఇష్టంతో నేర్చుకున్నాను. హెస్టర్ గారు చివరి వరుసలో చెవియంత్రం పెట్టుకుని కూర్చున్నారు. జుట్టు నెరిసిన డావీ ఇంగ్లీషులోనూ, అతని పక్కన అతని శిష్యురాలు త్స్వానాలోనూ గుసగుసలాడారు. మొతూసి మామయ్యను కూడా తీసుకువచ్చాను. ఈ ప్రాంగణంలో ఆయన అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆయనకూ ఒక యంత్రం ఇవ్వబోతే వద్దని చేత్తో వారించాడు. మొండితనం అనుకుని ఊరుకున్నాను.

తేనీటి విందులో మామయ్య పాల టార్టు మిఠాయి ముక్క పళ్లెంలో పెట్టుకుని, నెమ్మదిగా హెస్టర్ గారి ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆయన నోట నేనెన్నడూ వినని భాషలో, ఆమె అమ్మమ్మ భాషలో, తప్పు లేకుండా అన్నాడు:

"పాఠమంతా అర్థమైందమ్మా. ఈ భాష మాకు రాదని ఎవరన్నారు? తుపాకీ పెట్టి నేర్పితే వద్దన్నాం, అంతే. మీరు ముందు మా పిల్ల భాష అడిగి, తరువాత మీది చెప్పారు. విన్నాను."

హెస్టర్ గారి చేయి అలవాటుగా మెడ దాకా వెళ్లి, మధ్యలోనే దారి మార్చుకుని మామయ్య చేతిని అందుకుంది. వారిద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

పూజ్యులు హెస్టర్ డ్రేయర్ గారూ! మీ శేషజీవితం, సహధర్మచారి లౌరెన్స్ గారితోనూ, పిల్లాపాపలతోనూ, ఎట్టకేలకు మీరు పెంచబోయే కోళ్లతోనూ ఆనందమయంగా సాగాలి. భగవంతుడు మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ, మీ చేనికి అడిగినప్పుడల్లా వాననూ ప్రసాదించాలి. మీకు తోచిన ఏ ఉదయమైనా మా తరగతికి రండి. ఆలస్యమైనా తలుపు వేయను. వెనక వరుసలో మీ చోటు మీదే. అక్కడికి ప్రతి మాటా చేరేలా చూసుకునే పూచీ నాది.

— ఒనాలెన్నా మోదిసే, చరిత్ర శాఖ