ఊదినవాడిదే తప్పు

పాతికేళ్ళుగా పలకని వీడియో గేమ్ పెట్టెని అక్క భోజనాల బల్ల మీద విప్పి పెట్టుకుంది. తమ్ముడు టార్చి పట్టుకోవడమే మహా ఉద్యోగంలా పక్కన నిలబడ్డాడు.

“అంతా నీ ఉమ్మి ప్రతాపం.”

“క్యాసెట్లోకి అందరూ ఊదేవాళ్ళు కదక్కా!”

“అందరూ ఊదేవాళ్ళు. నువ్వు తుంపర కొట్టేవాడివి. మనిద్దరం సెలవులకి పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళొచ్చేసరికి ఇది చచ్చిందా లేదా?”

“ఇంట్లో లేనివాడి ఉమ్మి ఇందులో ఎలా పడుతుంది?”

“అమ్మే చెప్పింది, నీ ఉమ్మి వల్లేనని. నోరు మూసుకుని వెలుతురు ఇటు కొట్టు. ఆగాగు, ఇదేంటి ఇంత బంకగా ఉంది?”

“నా ఉమ్మి బంకగా ఉండదు.”

“కాఫీరా ఇది! చక్కెరతో సహా ఎండిపోయింది.”

“అప్పట్లో మనకి కాఫీ ఎవరు పోశారు?”

అక్క స్పిరిట్‌లో ముంచిన దూదితో మరకంతా తుడిచి, క్యాసెట్ పెట్టి, టీవీకి తగిలించి, మీట నొక్కింది. టీవీలో బొమ్మ పడింది.

ఈ నింద మోసీ మోసీ అతని భుజాలు కాయలు కాచాయి. ఆత్రంగా ముందుకి వంగాడు.

“స్కోర్లు పోలేదురా! నీది నాలుగో స్థానం.”

“అబద్ధం. ఎప్పుడూ నేనే ఫస్టు. పైన నువ్వున్నావా?”

“నాది ఐదు. పై మూడూ ఒకరివే, చదువు.”

“ఏ, ఎమ్, ఎమ్, ఏ... ఓర్నాయనో, అమ్మ!”

“కళ్ళు పోతాయర్రా అని రోజూ మనల్ని బయటికి తరిమిన మనిషి.”

“ఫోన్ చెయ్యక్కా, ఇప్పుడే.”

“చేసి ఏమడగను?”

“కళ్ళెలా ఉన్నాయో అడుగు.”