లోవకుమారి తప్పిన బంతి

గన్నెయ్యని ఉండేవాడు మా లంకలో. పుంజుల గన్నెయ్య అంటే ఈ గోదారి మధ్యనున్న లంకలన్నిట్లో ఎరగనోళ్ళు లేరనుకో. పుంజుకి కత్తి కట్టడంలో అతన్ని మించినోడు లేడంట. ఆ మాట చెప్పేదీ అతనే. మనసు మంచిదేలే, కాకపోతే ముందు నోరెళ్ళిపోయేది, మనసు వెనకాల తీరుబడిగా నడుచుకుంటా వచ్చేది. అతనికి ఒక్కత్తే కూతురు, లోవకుమారి. లోవ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరెట్టేరు, అందరం లోవా లోవా అనేవాళ్ళం. ఆ పిల్లకి మాట తక్కువ. ఏవన్నా అడిగితే తలూపుద్ది, లేదంటే నేల చూస్తాది. ఏటవతల కాలేజీలో డిగ్రీ చదివేది. మా లంకకి వంతెన లేదు కదా, కాలేజీకెళ్ళాలన్నా సంతకెళ్ళాలన్నా పంటెక్కాల్సిందే. పంటంటే నువ్వు ఎక్కే వచ్చేవుగా బాబూ ఇందాకా, రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి ఎక్కించేస్తారు. ఎక్కేక అవతలొడ్డు వచ్చేదాకా కోపమొచ్చినా నవ్వొచ్చినా అక్కడే పడుండాలి.

ఆ కాలేజీలో ఆటల మేష్టారు తాతాజీ. ఆయనదీ మా లంకే. పొట్టి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, పక్కనే ఉంటే గానీ వినపడదు. ఆయనొక ఏడు ఇంటింటికీ తిరిగేడు, మీ ఆడపిల్లల్ని పంపండి, బాస్కెట్ బాల్ నేర్పుతానని. పంపేరు. సాయంత్రాలు ఇక్కడే ఆడుకోడానికి కొబ్బరి తోటలో ఒక చెట్టుకి ఇనప చువ్వ వంచి రింగు కొట్టించేడు. మా అత్తగారప్పటికి బతికే ఉంది. చూసొచ్చి ఏవందంటే, అదేం బుట్టే అమ్మా, దానికి అడుగే లేదు, వేసిన బంతి వేసినట్టే కిందకొచ్చేస్తంది, సాయంత్రానికి ఏం మిగుల్తాదే ఆ పిల్లలకి, అంది. నవ్వేం అందరం. నవ్వేం గానీ, ఏడు తిరిగేసరికి లంక మొత్తానికి ఆ బుట్ట పిచ్చి పట్టేసింది. మన పిల్లలు ఎక్కడాడితే అక్కడికి లారీ మాట్టాడుకుని వెళ్ళిపోవడమే. ముసలీ ముతకా, పులిహోర డబ్బాలూ, డప్పులూ అన్నీను. ఆట ఎవడికి తెలుసు? గన్నెయ్య చెప్పేవాడు, మేం వినేవాళ్ళం. అతనికి తెలిసిందల్లా కోడిపందెం, అందుకని అన్నీ పందెం లెక్కలోనే చెప్పేవాడు. పంటు నడిపే సరంగు పోతరాజు కూతురు రత్నమాల, పొడుగ్గా ఉంటాది, బాగా ఆడుద్ది, అది డేగంట, డేగా కాకీ అంటే పుంజుల రంగుల్లే బాబూ. అవతలోళ్ళ పొడుగు పిల్ల కాకంట. డేగ మీద కాకి నిలవదంట. మరి మీ లోవ ఏంట్రా గన్నెయ్యా అని అడిగేననుకో, మాది ఇంకా పిల్లేనండి, తువ్వాళ్ళందిస్తాది అని నవ్వేసేవాడు. అదీ నిజమే. రెండేళ్ళు ఆ పిల్ల జట్టులో ఉందన్నమాటే గానీ, పక్కన బల్ల మీద కూర్చుని మిగతావాళ్ళకి నీళ్ళూ తువ్వాళ్ళూ అందించడమే దాని పని. సాయంత్రం కొబ్బరి చెట్టు దగ్గర మాత్రం అందరూ వెళ్ళిపోయినా వేస్తానే ఉండేది. ఎవరం పట్టించుకున్నాం?

ఇంతకీ ఏవైందంటే, ఆ ఏడు మన పిల్లలు ఆఖరి ఆటదాకా వెళ్ళేరు. పట్నం కాలేజీతో ఆట. గెలిస్తే కప్పు మన కాలేజీకొస్తాది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. లంకలో పొయ్యి వెలిగించినోళ్ళు లేరనుకో ఆవేళ, అందరం లారీలోనే. ఆట మొదలైంది, మనోళ్ళే పైన. రత్నమాల వేస్తంది, మేం డప్పు కొడతన్నాం. ఇంకా కొంచెం ఆటుందనగా మేష్టారు చెయ్యెత్తి రత్నమాలని బయటికి పిలిచేసి లోవని లోపలికి పంపేడు. దానికో కారణం ఉందిలే. ఆ ఆటలో ఒకళ్ళు అయిదు తప్పులు చేస్తే ఇంక ఆడనివ్వరంట. రత్నమాలకి అప్పటికి నాలుగయ్యేయి. అయిదోది కూడా అయిపోతే ఆఖర్లో పనికిరాకుండా పోతాదని, కాసేపు దాచుకుందామని కూర్చోబెట్టేడు. కానీ గన్నెయ్యకి అదేం తెలుసు? పందెంలో గెలుస్తున్న పుంజుని చేత్తో ఎత్తేసేవంటే ఓడిపోయేనని ఒప్పుకున్నట్టే, ఇంక మాట లేదు, అదీ రివాజు. గన్నెయ్య లేచి నిలబడి, పుంజునెత్తేసేడ్రా, పందెం ఒదిలేసేడ్రా, అమ్ముడైపోయేడ్రా మేష్టారు, అని ఒకటే అరుపు. అతను అరిచేసరికి లంకంతా అరిచింది. డప్పు కొట్టేవాడు డప్పు పక్కనెట్టి మరీ అరిచేడు. మేష్టారు ఇటు తిరిగి కూడా చూళ్ళేదు పాపం. పట్నం పిల్లలు ఒకటీ ఒకటీ వేసుకుంటా వచ్చి మనల్ని దాటేసేరు. మేష్టారు రత్నమాలని మళ్ళీ దింపేడు, లోవనీ ఉంచేడు. ఇంక ఆట అయిపోతందనగా, మనం ఒక్కటంటే ఒక్కటి వెనకున్నాం, బంతి ఎలా వచ్చిందో లోవ చేతికొచ్చింది. ఎగిరింది. అవతలి పిల్ల తోసేసింది, కిందపడింది. అలా తోసేస్తే, పడ్డోళ్ళకే ఊరకనే రెండు బంతులిస్తారంట, ఎవరూ అడ్డురారంట, ఎవర్ని తోసేరో వాళ్ళే వెయ్యాలంట. ఒకటి పడితే సమానం, రెండు పడితే కప్పు మనది. మోకాలు చెక్కుకుపోయింది ఆ పిల్లకి. లేచి నిలబడింది. మొదటిది రింగుకి తగిలి బయటికి పోయింది. రెండోది రింగు మీదే ఒక చుట్టు తిరిగింది, పడుద్ది పడుద్ది అనుకున్నాం, అటుపక్కకి జారిపోయింది. అయిపోయింది ఆట.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద చంటిపిల్లలు కూడా ఏడవలేదనుకో. సగం ఏరు దాటేక గన్నెయ్య మొదలెట్టేడు. కూతురు అక్కడే తాడు దగ్గర నిలబడి నీళ్ళలోకి చూస్తంది. అతనేవన్నాడంటే, నా కూతురికి ఆట రాదని నాకు తెలుసు, దాని తల్లికి తెలుసు, ఊళ్ళో కుక్కకి తెలుసు, ఆ పెద్దమనిషికి తెలీదా, రాని పిల్లని తీసుకెళ్ళి అంతమంది మధ్యలో నిలబెట్టి దాని పరువు తీస్తాడా, దాని తప్పేవుందండి ఇందులో, అది ఆడలేదు, అసలు దానికి చేతకాదు, అంతా ఆ మనిషి చేసిందే, అని. ఒకసారి కాదు, ఒడ్డు వచ్చేదాకా అదే. నాకర్థమైందిలే, కూతుర్ని ఎవరూ ఏవీ అనకుండా అడ్డం పడుతున్నాడు. ప్రేమే అది. ఆ ప్రేమ మాత్రం ఆ పిల్లని కోసేస్తంది. తాడు పట్టుకున్న చెయ్యి అలా బిగించేసింది, నేను చూస్తానే ఉన్నాను.

మర్నాటి నుంచి లోవ కొబ్బరి చెట్టు దగ్గరికెళ్ళడం మానేసింది. కాలేజీకీ మానేసింది. తల్లి మాణిక్యం అన్నం కలిపెడితే రెండు ముద్దలు తిని లేచిపోయేదంట. మాణిక్యం మా ఇంటికొచ్చి ఏడ్చింది, పిన్నీ, దానికి నేనేం చెప్పను, ఆటంటే ప్రాణం దానికి, ఇంక దాని మొహం చూడలేకపోతన్నాను, అని. ఈ లోపు ఊళ్ళో మగాళ్ళందరూ కూర్చుని ఒక కట్టుబాటు చేసేరు. కాలేజీవాళ్ళు ఆటల మేష్టార్ని మార్చేదాకా తాతాజీని పంటు మీద ఎవరూ పలకరించకూడదంట. ఆయనేవో రోజూ పొద్దున్నే వచ్చి, ఏవండీ బాగున్నారా అనేవాడు. ఒకళ్ళు నీళ్ళకేసి చూసేవాళ్ళు, ఒకళ్ళు గేదెకేసి చూసేవాళ్ళు. ఏరు దాటేంతసేపూ ఆయన మోటారు సైకిళ్ళ మధ్యలో ఒక్కడూ నిలబడుండేవాడు. అయినా మర్నాడు మళ్ళీ అడిగేవాడు, ఏవండీ బాగున్నారా అని. అదేం మనిషో.

అలా కొన్నాళ్ళు గడిచేక, ఇలా కాదు, ఊరంతా వెళ్ళి ప్రిన్సిపాల్ గారితో గట్టిగా చెప్పేద్దాం, ఈయన్ని తీసేయించేద్దాం అని బయల్దేరేరు. పొద్దుటి పంటు నిండిపోయింది, నేనూ ఎక్కేను. గన్నెయ్య చలవ చొక్కా వేసుకుని ముందు నిలబడ్డాడు. తాతాజీ మేష్టారూ ఎక్కేడు, రోజూ ఎక్కే పంటే కదా. పంటు కదిలేస్తందనగా లోవ పరిగెత్తుకుంటా వచ్చి ఎక్కింది. అన్నాళ్ళ తర్వాత ఇల్లు కదలడం అదే. ఎక్కడికే అని తండ్రడిగితే తలూపింది, అంతే. నడి ఏట్లోకొచ్చేక గన్నెయ్య, మేష్టారికి వినపడేలా, తెలిసీ తెలీక పిల్లల బతుకుల్తో ఆడుకునేవాళ్ళకి ఉద్యోగాలెందుకండీ అన్నాడు. అప్పుడు మేష్టారు ముందుకొచ్చేడు. వచ్చి, గన్నెయ్య గారండి, మీరు చెప్పేది నిజవే అన్నాడు. ఆ రోజు బంతి వేసేముందు అమ్మాయికి నేనే తప్పు చెప్పేను, మోచెయ్యి కిందకి దించి వెయ్యమన్నాను, అలా వేస్తే పడదండి, నా మాట విని వేసింది కాబట్టే తప్పింది, అమ్మాయి తప్పేం లేదు, మీతో పాటు నేనూ వస్తాను, ప్రిన్సిపాల్ గారికి నేనే చెప్పేస్తాను, అన్నాడు. గన్నెయ్య అందర్నీ చూసి, విన్నారుగా, ఆయన నోటితోనే అన్నాడు, అన్నాడు.

అప్పుడు లోవ అంది, మేష్టారు అబద్ధమాడతన్నారు, అని. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా మేమెవరం వినలేదెప్పుడూ. గేదె తోలుకొచ్చినాయన కూడా తిరిగి చూసేడు. ఏవందంటే, మేష్టారు నాకేం చెప్పలేదు, ఊపిరి తీసుకోమ్మా, నీకెలా వస్తే అలా వెయ్యి అన్నారు, అంతే. నేనే వేసేను. నేనే తప్పేను. నాన్నేవో నాకు ఆట రాదు కాబట్టి తప్పు నాది కాదంటాడు. మీరేవో నాకు తప్పు నేర్పేరు కాబట్టి నాది కాదంటారు. మరి ఆ రోజు అక్కడ నిలబడిందెవరండి? రెండేళ్ళు కూర్చున్నాను ఆ బల్ల మీద. నాకు దొరికినవి ఆ రెండు బంతులే. తప్పినా అవి నావి. ఇద్దరూ చెరోపక్కా లాక్కుని అవి కూడా నాకు లేకుండా చేసేస్తారా, అంది. అని ఏడ్చేసింది. ఏడుస్తానే తండ్రికేసి తిరిగి, నాకు రాదు రాదు అని ఊరందరి ముందూ అన్నావే నాన్నా, నేనాడతంటే ఒక్కసారన్నా చూసేవా, అనడిగింది. రత్నమాల అక్కడే ఉంది. అది అందుకుని, అవును మావయ్యా, లోవ ఆటలోకి దిగేక పట్నం వాళ్ళ పొడుగమ్మాయిని ఒక్కటీ వెయ్యనివ్వలేదు, నావల్ల కూడా కాలేదు దాన్ని ఆపడం, మిగతావాళ్ళు వేసేరు, మనం ఓడిపోయేం, అంది.

గన్నెయ్య కూతురి దగ్గరికి నడిచొచ్చేడు. నేను చూళ్ళేదే అమ్మా, అన్నాడు. నువ్వు లోపలికెళ్ళిన కాణ్ణించీ మేష్టారికేసి తిరిగి తిడతానే ఉన్నాను, నువ్వు ఆడింది నేను చూడనేలేదు, అన్నాడు. అని అక్కడే చెక్కల మీద కూలబడిపోయేడు. కూతురు ఆడిన ఆట అదొక్కటే, అంత దూరం లారీ కట్టించుకుని వెళ్ళి, అది చూడకుండా వచ్చేడు. అతని కళ్ళమ్మట నీళ్ళు నేను చూసింది అదే మొదలు. పుంజులు పోయినా ఏడవలేదు అతను. పంటు అవతలొడ్డుకి తగిలింది. ఎవరూ దిగరు. పోతరాజు ఇంజను ఆపేసి, ఏవండీ దిగుతారా లేదా అని అడిగేదాకా అందరూ అలాగే నిలబడున్నారు. గన్నెయ్యే ముందు లేచేడు. మేష్టారండి, మీకు కాలేజీకి టైమైపోతంది, వెళ్ళండి, పిల్లని కూడా తీసుకెళ్ళండి, అన్నాడు. మేష్టారు అలాగేనండి అని, లోవ వంక చూసి, పదమ్మా అన్నాడు. ఇద్దరూ గట్టెక్కి వెళ్ళిపోయేరు. ఇంక ఊరు ఊరంతా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి బయల్దేరింది కదా, ఎలాగూ ఏరు దాటేం, ఊరకే ఎందుకెళ్ళిపోవాలని సంతలో ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేసేం. ఆ సాయంత్రం కొబ్బరి చెట్టు దగ్గర బంతి చప్పుడు వినపడితే మాణిక్యం వెళ్ళి చూసిందంట. లోవ వేస్తంది, గన్నెయ్య ఏరి అందిస్తన్నాడు. ఇలా వెయ్యి, అలా వెయ్యి అని ఒక్క మాట అనలేదంట. దానికి ఎంత కష్టపడుంటాడో నువ్వే ఆలోచించుకో.

మరి మళ్ళీ ఏడు గెలిచేరా అనడుగుతావు. లేదు బాబూ, ఓడిపోయేరు. ఈసారి బాగా ఓడిపోయేరు, అంత దగ్గరకి కూడా రాలేదు. మేష్టారు ఎవర్ని దింపేడో ఎవర్ని కూర్చోబెట్టేడో దానికీ మావాళ్ళు గొణుక్కున్నార్లే, అది ఎక్కడికి పోతాది. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద పోతరాజు గన్నెయ్యని అడిగేడు, ఏవైంది బావా, ఎవరివల్ల పోయిందీసారి, అని. గన్నెయ్య చొక్కా చేతులు పైకి మడుచుకుని, పోతే పోయిందిలే బావా, మా పిల్ల ఆడింది, నేను చూసేను, అన్నాడు. అదే మాట ఒడ్డు వచ్చేదాకా కనపడ్డ ప్రతివాడికీ చెప్పేడు, అడగనోడికి కూడాను. గన్నెయ్యకి నోరు మాత్రం తగ్గలేదు, ఆ విషయంలో నువ్వేం ఆశ పెట్టుకోకు.