పద్దెనిమిది దగ్గర ఆపు

కాదయ్యా, నేను బండెక్కను. ముందు ఆ గాలి పంపు వెనకాల ఉందో లేదో నా కళ్ళకి చూపించు. ఉందన్న మాట నాకొద్దు.

సరే, కనబడింది. ఇక టైర్లలో గాలి తీసుకో. ముప్పై రెండు నుంచి పద్దెనిమిదికి, అంతేగా? ఇసుకలో బండికి పొగరు దించాలి, రోడ్డెక్కాక మళ్ళీ రోషం ఎక్కించాలి అనేవారు మీ అన్నయ్య. ఆ రోజు రోషం ఎక్కించడానికే పంపు లేకపోయింది.

తలెత్తకు నాయనా. గాలి కొలిచే గేజీ చూసుకుంటూ విను. నీ మొహం చూస్తే నాకు నోరు పెగలదు.

ఇవాళ మొదటిసారి నీ కూతురు నడుపుతోంది కదా. పొద్దున స్టీరింగు తుడుస్తూ అడిగింది. "పెద్దమ్మా, ఆ రోజు పెదనాన్న బండిలోంచి పంపు తీసింది మా నాన్నేనా?" ఈ ఇంట్లో ఎవరెప్పుడు పుట్టారో, ఎవరే మాటన్నారో చెప్పేది నేనేగా. తలూపాను. పదకొండేళ్ళుగా ఊపుతున్న తలే, దానికేం కొత్త?

ఆయన వెళ్ళే ముందురోజు బండి వాడింది నువ్వు. పంపేమో వరండా తలుపు వెనక దొరికింది. అందరూ నిన్నే అన్నారు. చివరికి నువ్వూ నమ్మావు. నమ్మావు కదూ?

ఆ రోజు అత్తయ్యగారి పటం ఆ బండిలోనే ఆడపడుచు ఇంటికి పంపుతున్నాం గుర్తుందా, పెద్ద అద్దం పటం? పంపు తగిలి పగులుతుందేమోనని నేనే తీసి తలుపు వెనక పెట్టాను. ఆయన స్నానంలో ఉన్నారు. రాగానే చెబుదామనుకున్నాను. ఆయన క్షేమంగా వెళ్ళి రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఆ మాటే మర్చిపోయాను.

ఇసుక దాటాక ఫోన్ చేశారు. "పంపు లేదేంటే?" అన్నారు.

"మీ తమ్ముడే తీసుంటాడు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే.

నిన్ను తిట్టుకుంటూ ఆ మెత్తటి టైర్లతోనే తారురోడ్డెక్కారు. ఎండకి, వేగానికి ముందు టైరు పేలింది. మనిషి మిగల్లేదు. పటం అద్దానికి మాత్రం గీతైనా పడలేదు. తిరిగొచ్చి మన హాల్లోనే ఉంది. రోజూ తుడుస్తున్నాను.

పిల్లని పిలువు. నేనే చెబుతాను. ఇక నన్ను పెద్దమ్మా అనకపోయినా సరే.

అయ్యో, గేజీ చూడవేం? వాల్వు మీంచి వేలు తియ్యనే లేదు నువ్వు. పద్దెనిమిది ఎప్పుడో దాటిపోయింది, టైరు నేలకి కూలబడింది.

పోనీలే. ఇవాళ పంపుంది.