చెంగయ్య మడి కాడ తీగ

ఇప్పుడా సార్ మీరు వచ్చేది? పోయినేడు మా హేమశ్రీ మీ రూము బయట నిలబడి నిలబడి కాళ్లు పీక్కుపోతా ఉంటే, మీటింగులో ఉన్నారని చెప్పి పంపిస్తిరి. ఈ పొద్దు తిరపతి నుంచి ఐరాల దాకా కారేసుకోని మీరే వచ్చినారు.

నేనా? వాళ్లమ్మను. కూర్చోండి. పాప లేదు. శ్రీకాళహస్తి కాడ సెల్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలో పన్జేస్తాది. ఆడనే హాస్టలు.

ఏమన్నారు? మా పాప రీసెర్చికి దుడ్లు మంజూరైనాయా? మళ్లా చేర్చుకుంటారా?

మంచిదే. అయితే ఈడ ఏం జరిగిందో మీకు తెలిసినట్టు లేదు. విని పోండి.

మా మడి పక్కనే చెంగయ్యన్న మడి. గాలివానకు కరెంటు తీగ తెగి నేల మీద పడితే అన్నిసార్లూ ఫీజు పోదు గదా సార్. తీగ ఊరికే పడుకోని ఉంటాది, లోపల కరెంటు పారతానే ఉంటాది. హేమ ఇంటర్ చదివేటప్పుడు మా ఎద్దు అట్లనే పోయింది. దాన్ని చూసినాక, కరెంటు చదువే చదువుతానని పట్టు పట్టింది ఆ పిల్ల. తీగ తెగితే లైను ఆపేసే పెట్టె ఒకటి చెయ్యాలని దాని ఆశ. మీ కాడ పీహెచ్‌డీలో చేరిందీ అందుకే.

మొదట్లో స్కాలర్‌షిప్పు బాగానే వచ్చింది. తర్వాత నిలిచిపోయింది. అడిగితే పైనుంచి రాలేదంటారు. పొద్దునంతా ల్యాబు, సాయంత్రం బీటెక్ పిల్లోళ్లకు ట్యూషన్లు. మెస్సు మానేసి, మధ్యాన్నం అన్నదానం లైన్లో నిలబడి తినొస్తా ఉండిందంట. నాకు చెప్పనేలేదు. నేను ఊరగాయ తీసుకోని పోయిన రోజు, దాని రూములో ఉండే భానుశ్రీ చెప్పింది. ఊరగాయ దేంట్లోకి కలుపుకుంటాది ఆంటీ అనింది.

ఆ కష్టంలోనే పెట్టె చేసింది సార్. మా మడి కాడ పెట్టి చూడు పాపా అని చెంగయ్యన్నే పిలిచినాడు. లైన్‌మన్ను బతిమాలి ట్రాన్స్‌ఫార్మర్ కాడ పెట్టించింది. ఆడి నెల గాలికి తీగ తెగింది. తెగతానే లైను ఆగిపోయింది. చెంగయ్యన్న ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. హేమ మీకు ఫోన్ చేసి, సంతోషం పట్టలేక ఏడ్చింది. జ్ఞాపకముండాదా?

మీరన్న మాట నాకు జ్ఞాపకముండాది. దీనికి ఎవురూ దుడ్లియ్యరు, కారు బ్యాటరీల మీద చెయ్యి, స్కాలర్‌షిప్పు ఇప్పిస్తానంటిరి. “నేను వచ్చిందే దీనికి సార్” అనింది అది. మీరు కోపం కూడా చేసుకోలేదు. నీ ఇష్టమమ్మా అన్నారు.

ఆ ఇష్టంతోనే ఇంకొన్నాళ్లు లాగింది. హాస్టలోళ్లు రూముకు తాళమేసినాక ఇంటికొచ్చేసింది.

మానేసేటప్పుడు ల్యాబు సామాన్లన్నీ ఒప్పజెప్పమంటిరి. పెట్టె కూడా ల్యాబుదే అంటిరి. ఈ వానలు దాటేదాకా ఆడనే ఉండనీయండి సార్ అని అడుక్కుంది. ఆడిటు ఉండాది, కుదరదన్నారు. దాని చేత్తోనే విప్పుకోనొచ్చి మీ బీరువాలో పెట్టింది. ఇంకా ఆడనే ఉండాదంటారా? ఉంటాదిలే. యాడికి పోతాది.

కార్తీకంలో తుఫాను పట్టింది. తెల్లారి చెంగయ్యన్న మడిలో నీళ్లు తీసేదానికి పోయినాడు. మొదట చూసింది మా ఆయనే. దగ్గరికి పోయేదానికి లేదు. కరెంటు ఆపండని ఫోన్లు చేస్తా చేస్తా గట్టు మీదనే కూలబడినాడంట.

హేమ వాళ్లింటికి పోయింది. చెంగయ్యన్న పెండ్లాం సంతోషమ్మ ఏమంటాదో అని నేనూ వెనకాలే పోయినాను. ఆయమ్మ తిట్టలేదు సార్. తిట్టినా బాగుండు. పాపను పక్కన కూర్చోబెట్టుకోని చెప్పింది, “నీ పెట్టె ఉన్నన్నాళ్లూ మీ మామ చీకట్లో కూడా భయం లేకుండా మడిలోకి దిగుతా ఉండె పాపా. పెట్టె పోయినా ఆ అలవాటు పోలేదు.”

అప్పట్నుంచి ఎవురైనా కరెంటు మాటెత్తితే హేమ లేచి పోతాది. ఇంట్లో బల్బు పోతే వాళ్ల నాయన్ని పిలుస్తాది. పుస్తకాలన్నీ భానుశ్రీకి ఇచ్చేసింది.

మీ తప్పని నేను అనడంలే. పైనోళ్లు పంపలే, మీరు ఇయ్యలే. ఆడిటోళ్లు అడిగినారు, మీరు తీసుకున్నారు. ఎవురి పద్ధతి వాళ్లు సరిగ్గానే చేసినారు.

ఫోన్ నంబరు రాసుకోండి. పిలిచేది మీరే పిలవండి. నేను పొమ్మనను, పోతానంటే వద్దని కూడా అనను.

పోతా పోతా, ఆ మలుపు కాడ నీలం తలుపులిల్లు కనపడతాది, సంతోషమ్మది. దుడ్లు మంజూరైనాయని ఆయమ్మకు కూడా ఒక మాట చెప్పిపోండి సార్. నాకైతే నోరు రాదు.