కిటికీలో ఆకుతోట

"నాయనమ్మా, నువ్విచ్చిన తమలపాకు తీగ గుంటూరు ఫ్లాట్లో కిటికీ దగ్గర పెట్టాను కదా, ఈ చలికి ఆకులు నల్లబడుతున్నాయి. నువ్వెలా కాపాడేదానివి?"

నల్లబడ్డాయా? అయ్యో, ఇట్టా వచ్చి కూర్చో. ఎన్ని, రెండా? అద్దానికి ఆనుకున్నవే కదూ. నాకు తెలుసులే. రాత్రంతా చల్లటి అద్దానికి ఆకు అంటుకుని ఉంటే తెల్లారేసరికి మాడినట్టు అయిపోతుంది. ముందు దాన్ని ఒక జానెడు ఇవతలికి లాగు. కింద ఏముంది, రాయేనా? చెక్కముక్క ఒకటి వెయ్యి. నీళ్ళెప్పుడు పోస్తున్నావు? ఆఫీసు నుంచి వచ్చాకా? చూశావా, అదే తప్పు. చలికాలం సాయంత్రం పూట తడి చెయ్యకూడదే. పొద్దున వెళ్ళేముందు పొయ్యి, అదీ కాసిని, అదీ మన్ను ఎండితేనే.

ఆకుతోటలవాళ్ళ పిల్లని కాబట్టి ఇవన్నీ పుట్టింట్లో నేర్చుకున్నాననుకుంటున్నావేమో. అబ్బే. మాది పొన్నూరు పక్కన కదా, మా నాన్నకి అరెకరం ఆకుతోట ఉండేది. అవిసె చెట్లకి తీగలు పాకించి, చుట్టూ గాలి కొట్టకుండా దడి కట్టేవాళ్ళు. లోపలికెళ్తే ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. చెప్పులు దడి బయటే వదిలెయ్యాలి. ఎంత గొప్పవాడొచ్చినా సరే, ఆకు కొనడానికి వచ్చిన షావుకారైనా సరే. ఒకసారి మా మేనమామ మరిచిపోయి చెప్పుల్తో రెండడుగులు వేస్తే మా నాన్న ఆయనతో నెల్లాళ్ళు మాట్లాడలా. నెల్లాళ్ళా... కాదులే, వారం. మా అమ్మ నెల్లాళ్ళని చెప్పేది.

ఆ, ఏం చెప్తున్నా. నన్ను దాచేపల్లి పక్కన పల్లెలో ఇచ్చారు. మీ తాతయ్య వాళ్ళది మిరప, పత్తి. ఎటు చూసినా ఎర్రగానో తెల్లగానో ఉండేది. పెళ్ళి జ్యేష్ఠంలో అయింది. నేను వచ్చేటప్పుడు మా నాన్న ఒక తీగముక్క కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. "నాటుకోమ్మా, బతికితే బతుకుద్ది" అన్నాడు. పాలపిండి డబ్బాలో నాటి ముందుగది కిటికీలో పెట్టా. ఆ కిటికీ గట్టు ఇంత మందం నాపరాయి. ఆ రాళ్ళు వాళ్ళ ఊళ్ళోవే, ఇంటి నిండా అవే.

మా అత్త చూసి ఏమందో తెలుసా? "మిరపకాయ పండే నేలమీద ఆకు బేరమా, అమ్మా!" అంది. మనిషి కొంచెం గట్టిదిలే. నన్ను పేరు పెట్టి పిలవదు. "ఆకులవాళ్ళ పిల్లా, ఇటు రా", "ఆకులవాళ్ళ పిల్లా, అన్నం వార్చావా". నాకు ఏడుపొచ్చేది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, అంతేగా మరి.

కార్తీకంలో మా తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వానలకి తోటకి తెగులొచ్చి తీగలన్నీ మొదట్లో కుళ్ళిపోయినయ్యి, నాన్న మొత్తం పీకించేశాడు, ఇక వరేనంట, అని. ఆ ఉత్తరం చదివి కిటికీ దగ్గరకెళ్ళి ఆ డబ్బా వంక చూశా. మూడు ఆకులు. మా నాన్న తోటలో మిగిలింది ఆ మూడు ఆకులేనమ్మా. అది చచ్చిపోతే ఇంకేం లేదు.

ఇంక చలి మొదలైంది. మనకేం చలి అంటావు, నిజమే, కానీ తీగకి మనలాగా దుప్పటి ఉండదుగా. ఆ కిటికీకి ఒక రెక్క సరిగా పడేది కాదు. పుష్యం వచ్చేసరికి ఒక ఆకు పండిపోయి రాలింది. నేను భయపడి డబ్బా తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టా. వెచ్చగా ఉంటుందని! రెండ్రోజుల్లో ఇంకో ఆకు అంచు కరకరలాడిపోయింది. మళ్ళీ తెచ్చి కిటికీలో పెట్టి కూర్చుని ఏడ్చా.

అది చూశాడు మీ తాతయ్య. పాపం మంచోడే, పెద్దగా మాట్లాడేవాడు కాదు. కొట్టంలోకి వెళ్ళి ఒక గోతం తెచ్చి ఆ కిటికీకి అడ్డంగా మేకులు కొట్టాడు. ఏ గోతం? పోయినేడు మిరపకాయలు తొక్కి నింపిన టిక్కీ బస్తా! దులపనైనా దులపలా. తెల్లారుజామున గాలి వీచింది చూడూ, ఇల్లు మొత్తం ఒకటే తుమ్ములు. మా మామ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. మా అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఒరేయ్, ఆకుకి చలేసిందని మనుషులకి పొగపెట్టావేరా!" అని గోతం పీకి వాకిట్లో పారేసింది. మీ తాతయ్య తుమ్ముతూనే ఉన్నాడు. నాకు నవ్వు, ఏడుపు, రెండూ.

ఆ మర్నాడు లేచి చూస్తే కిటికీలో డబ్బా లేదు. పారేసిందనుకున్నా, దేవుడిమీద ఒట్టు. అడగడానికి కూడా భయం. నూతికెళ్ళా, వచ్చా, కల్లాపి చల్లా. లోపలిగదిలో మా అత్త పక్కలెత్తుదామని వెళ్ళానా, మంచం పక్కన పీట మీద ఉంది డబ్బా. దాని చుట్టూ గింజ తియ్యని పత్తి దట్టంగా పెట్టి, పైన ఆమె పాత నూలుచీర ముక్క చుట్టి, తాడుతో కట్టి ఉంది. మా అత్త వెనకాలే నిలబడింది. "బాలింతరాలికి చెవుల్లో దూది పెట్టమా? దానికీ అంతే. పాదుకి చలి తగలకపోతే తలకేం కాదు. ఎండొచ్చిందిగా, ఇంక తీసుకెళ్ళి కిటికీలో పెట్టు సుబ్బులూ" అంది.

సుబ్బులూ అందమ్మా. పెళ్ళైన ఏడు నెలలకి నా పేరు పలికింది.

అప్పట్నుంచి రోజూ పొద్దుగూకితే ఆమే లోపలికి తెచ్చేది, ఎండ రాగానే నేను కిటికీలో పెట్టేదాన్ని. నాపరాయి చల్లదనం ఎక్కకుండా పీట కూడా డబ్బాతోనే తిరిగేది. ఒక్కరోజు మరవలా. మాఘం వచ్చేసరికి లేతాకు రెండు వేసింది, చిలకపచ్చగా.

అప్పుడొచ్చాడు మా నాన్న నన్ను చూడటానికి. తోట పోయాక మనిషి సగమయ్యాడు. బస్సు దిగి మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి గేటు తీసి వాకిట్లోకి వచ్చాడు. మా అత్త, "రండి అన్నయ్యగారూ, మీ తోట చూద్దురుగాని" అని బయట నుంచే కిటికీ చూపించింది. ఆయన అటు రెండడుగులు వేసి, చూసి, ఆగిపోయాడు. వెనక్కి గేటు దాకా వెళ్ళి చెప్పులు విప్పి, ఉత్తికాళ్ళతో వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. వాకిలంతా నాపరాళ్ళు, కాలుతుంటాయి, కదల్లేదు. మా అత్త ఒక ఆకు తుంచబోతే, "వద్దు చెల్లెమ్మా, ఉండనీ" అన్నాడు. మా అత్త తన కాళ్ళ వంక చూసుకుని, చెప్పులు విడిచి పక్కకి నెట్టేసింది. ఆమె పోయేదాకా ఆ కిటికీ దగ్గరికి చెప్పులతో వెళ్ళలేదే తల్లీ. పళ్ళూడిపోయాక కూడా ఆ ఆకే దంచి పెట్టమనేది, "మీ నాన్న ఆకు ఒకటి తేవే సుబ్బులూ" అని.

నీ దగ్గరున్నది దాని తీగే. సరే, నువ్వు దూది కొని చుట్టు, నా పాత చీర ఇస్తా, చింపి పైన కట్టు. మిగతావి ఎట్టయినా చేసుకో. ఇంట్లో ఆ రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతావే, కిటికీ దాకా వాటితోనే వెళ్తావా? నేనేం అనను. నీ ఇల్లు, నీ ఇష్టం.

ఏయ్, ఏడుస్తున్నావేంటే పిచ్చిదానా? ఇటు రా. అది ఆకేసినప్పుడల్లా నువ్వు నవ్వుతూ ఉండాలి, నా తల్లివి కదూ... ఆ చీర ఏ పెట్టెలో పెట్టానో ఏమో, ఉండు...