మళ్ళీ బిగించని క్లిప్పు

ఇంటి ముందు కారు బానెట్‌లోకి వంగి కూతురు పనిచేస్తోంది. మెకానిక్ తండ్రి పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“ఇదిగో నాన్నా, పాత ఫిల్టర్ ఊడొచ్చింది. పెట్రోలంతా ఇందులోంచే కారుతోంది.”

“కొత్తది ఎటు తిప్పి పెడతావ్?”

“బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. నాకు తెలుసులే!”

“ఊఁ.”

“పైపు క్లిప్పులు రెండూ బిగించేశా. స్టార్ట్ చెయ్యి.”

తండ్రి వెళ్ళి తాళం తిప్పాడు.

“కారుతోందా?”

“చుక్క లేదు! ఇంజనాపి రా, నువ్వూ ఓసారి బిగించు.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? అమ్మ కట్టేసిన కుళాయిని కూడా మళ్ళీ బిగించే మనిషివి! నీ చెయ్యి పడకపోతే నీకు నిద్ర పట్టదుగా.”

“ఇవాళ నిద్ర పడుతుందిలే. మీ అమ్మని పిలువు, అందరం అలా తిరిగొద్దాం. నువ్వే నడుపు.”