చప్పుడు లేని బండి

షెడ్డులో మామగారు తన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. దాని ఇంజిన్ మీద ఈగ వాలినా ఓర్చుకోని మనిషి, ఇవాళ అదే ఇంజిన్ పీకించి కరెంటు మోటారు పెట్టిద్దామనేసరికి కోడలికి ఎక్కడో తేడా కొట్టింది.

“ఇంజిన్ లేని బండి బొమ్మతో సమానం అన్నది మీరే కదా మామయ్యా?”

“అన్నానమ్మా. పొగ మంచిది కాదంటున్నారు.”

“పొగ మీద మీకు ఎప్పట్నించి బెంగ?”

“పొగే కాదు, పక్కింటాయన చప్పుడని గోలపెడుతున్నాడు.”

“ఆయనకి చెవుడు కదా.”

ఆయన తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

“మోటారైతే పిల్లిలా వెళ్ళిపోతుందట.”

“ఎక్కడికి వెళ్తుంది? కళ్ళ డాక్టరు మిమ్మల్ని నడపొద్దన్నాక అది షెడ్డు దాటలేదు కదా?”

“మాటవరసకన్నానులే.”

“మధ్యాహ్నం పూట నేను నిద్రపోతున్నాననుకుంటున్నారా?”

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

“వీధి మలుపు దాకానేనమ్మా. అబ్బాయికి చెప్తావా?”

“చెప్పను. తాళం ఇటివ్వండి. రేపట్నించి నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి. ఇంజిన్ మాత్రం తీయించకండి. దాని చప్పుడు వినడానికి కళ్ళక్కర్లేదుగా.”

ఆయన జేబులోంచి తీసిన తాళం గుప్పిట్లోనే బిగించి, ఈసారి తనే కోడలివైపు అనుమానంగా చూశారు.

“ఎప్పుడూ క్లచ్ మీదే కాలు పెట్టి దాన్ని అరగదీసే అలవాటు లేదు కదా నీకు?”